నారదారి – 9: రీగా సొరుగులు

మనం పప్పులోనూ పచ్చడిలోనూ తినే గోంగూరకు వృక్షశాస్త్రంలో ఉన్న పేరు హైబిస్కస్ కనాబినస్. పెట్టినవాడు స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. కనాబినస్ అంటే గంజాయి మొక్కను పోలినది అని అర్థం. ఆకు చీలికలు చూసి ఆయన పోలిక పట్టాడు. ఈ సంగతి మా మామ్మ చెవిన పడి ఉంటే, లిన్నేయస్ మా ఊరొచ్చినా ఆయనకు పీట వేసేది కాదు.

ఆయన దేశంలో ఆ మాటకు మత్తు వాసన లేదు, తారు వాసన ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు యూరపులో గంజాయి జాతి మొక్కంటే తాడు. తెరచాప ఎత్తాలన్నా, లంగరు దించాలన్నా, ఓడను రేవుకు కట్టాలన్నా దాని నారే. ఒక్క యుద్ధనౌకకే టన్నుల కొద్దీ తాళ్లు కావాలి. సముద్రాలన్నీ తనవే అనుకున్న ఇంగ్లండుకు ఆ నార సొంత పొలాల్లో చాలినంత పండేది కాదు. బాల్టిక్ సముద్రం ఒడ్డు నుంచి కొనుక్కునేది. ఆ ఒడ్డున నార మేలుకు పేరుపడ్డ రేవు రీగా.

పోయిన వారం భీమిలిలో డచ్చివాళ్ల గోరీల దగ్గర ఆగాం. ఈ గోంగూర మొక్క నుంచే తీసే గోగునార కట్టలు పడవల్లోకెక్కి, దూరంగా లంగరేసిన ఓడలకు చేరడం చూశాం. ఈ వారం కథ ఒక్క గెంతున బాల్టిక్‌కు పోతోందేమిటని అడగవచ్చు. మన నారకు లోకంలో గిరాకీ ఎందుకొచ్చిందో తెలియాలంటే, అంతకు ముందు ఎవరి నారకు గిరాకీ ఉండేదో చూడాలి. ఇంకో కారణం కూడా ఉంది, దాచడమెందుకు? ఆ ఊరంటే నాకు ఇష్టం. ఈ ధారావాహిక నార గురించే అయినా, ఈ ఒక్క భాగంలో కొంచెం దారి తప్పుతాను.

రీగా సముద్రపు రేవే గానీ, సముద్రాన్ని ఆనుకుని లేదు. శ్రీకాకుళం నాగావళిని పట్టుకుని ఉన్నట్టు అది దౌగవ నదిని పట్టుకుని ఉంటుంది. సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్లు దిగువన. రష్యాలోని వాల్దాయ్ గుట్టల్లో పుట్టి, బెలారుస్ మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి వస్తుంది దౌగవ. 1201లో ఆల్బర్ట్ అనే జర్మన్ బిషప్పు అక్కడ ఊరు కట్టాడు. 1282లో ఉత్తర యూరపు వర్తక నగరాల కూటమి హాన్సాలో చేరింది. 1621లో స్వీడన్ రాజు, 1710లో రష్యా చక్రవర్తి పీటర్ సేనలు దాన్ని తీసుకున్నారు. జెండాలు మారాయి గానీ గల్లాపెట్టె దగ్గర మనుషులు మారలేదు. జర్మన్ మాట్లాడే వర్తకులే తరతరాలుగా ఊరిని నడిపారు. పెద్ద వర్తక సంఘంలో లాట్వియన్లకు చోటు లేదు. చుట్టూ పల్లెల్లో నేల దున్నిందీ, రేవులో మూటలు మోసిందీ వాళ్లే.

చలికాలంలో నది గడ్డకట్టేది. వసంతంలో మంచు కరిగి వరద రాగానే ఎగువ నుంచి బల్లపరుపు పడవలు దిగేవి, నార నింపుకుని. అసలు ఆట సరుకు దిగాక మొదలయ్యేది. రీగాలో నారను ఎవరు పడితే వాళ్లు అమ్మడానికి లేదు. ప్రమాణం చేసిన పరీక్షకులు ప్రతి కట్టా విప్పి, పొడుగు, రంగు, పీచు పరిశుభ్రత చూసి తరగతి కట్టేవారు. అన్నిటికంటే శుభ్రమైనది మొదటి రకం, కొంచెం తక్కువది రెండోది, సరిపెట్టుకోవచ్చు అనిపించేది మూడోది. ఆ ముద్ర పడిన నారను లండన్ కొనుగోలుదారు కళ్లతో చూడకుండానే కొనేవాడు. రీగా పేరుకున్న విలువంతా ఆ ముద్రదే.

ఇది చదువుతున్నప్పుడు నాకు ఆమదాలవలస వైపు మా ఊరి నుంచి సంతకు వెళ్లిన గోగునార బళ్లు గుర్తొచ్చాయి. అక్కడా పరీక్షకుడుండేవాడు. ప్రమాణాలూ ముద్రలూ ఏమీ లేవు. షావుకారి మనిషి కట్టలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, బయటకు తీసి, "తడి" అనేవాడు. ఆ ఒక్క మాటతో ధర సగం దిగేది. మా తాత మారు మాట్లాడేవాడు కాదు, ఎందుకంటే అడుగు కట్టల్లో నిజంగానే కొంచెం తడి ఉండేది.

ఇక గిరాకీ సంగతి. 1807లో నెపోలియనూ రష్యా చక్రవర్తీ తిల్సిత్‌లో చేతులు కలిపాక, ఇంగ్లండుకు బాల్టిక్ నార అందుతుందన్న భరోసా పోయింది. ఇండియాలో పండే నారల మీద ఈస్టిండియా కంపెనీకి ఎప్పటినుంచో కన్నుంది, ఇప్పుడు ఆదుర్దా పెరిగింది. కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ జనుము, జనపనార లాంటివాటిని వరసబెట్టి పరీక్షించాడు. ఆయన మనకు పరాయివాడేం కాదు, కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచినవాడు. అయితే ప్రయోగాలు వేరు, వ్యాపారం వేరు. వ్యాపారం కదలడానికి ఇంకో యుద్ధం కావలసి వచ్చింది. 1854లో క్రిమియా యుద్ధం వచ్చి, బ్రిటిష్ నౌకాదళం బాల్టిక్‌లోకి దిగింది. స్కాట్లండులోని డండీ మిల్లులు అప్పటిదాకా ఎక్కువగా రష్యా రేవుల నుంచి వచ్చే అవిసెనార మీద బతుకుతున్నాయి. ఆ సరఫరా తడబడింది, ధరలు ఎగిరాయి, సైన్యానికేమో గోనెసంచులు కావాలి. బెంగాలు జనపనార ఆ సందులోంచి లోపలికొచ్చి మళ్లీ బయటికి పోలేదు. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు తొలి జనపనార మిల్లు పెట్టారు. జనపనార వెనకాలే దాని పేద చుట్టంలా మన గోగునార నడిచింది. మార్కెట్టు దానికి 'బిమ్లిపటం జూట్' అని పేరు పెట్టుకుంది. పలకడానికి అదీ పొడుగైతే 'బిమ్లి'. మన భీమిలి పేరు లోకపు నార బజార్లలో అలా తిరిగింది.

బాల్టిక్‌లో ఆగిన పడవకూ మా ఊరి చెరువులో నానిన గోగుకట్టకూ సంబంధం ఇంతే. పెద్దది కాదు, కానీ తెగేది కాదు.

నేను రీగా వెళ్లింది చరిత్ర రాయడానికి కాదు. మా మేనల్లుడు అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇప్పుడు ఆ ఊళ్లో మన పిల్లలు బాగానే ఉన్నారు, ట్రాములో తెలుగు వినబడితే ఎవరూ తల తిప్పి చూడరు. వాడు నన్ను మొదట తీసుకెళ్లింది కేంద్ర బజారుకు. ఐదు పెద్ద గుమ్మటాల్లాంటి మండపాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు జెప్పెలిన్ ఎగిరే ఓడల కోసం కట్టిన షెడ్ల ఇనుప చట్రాలు విప్పి తెచ్చి, వాటి మీద ఈ బజారు లేపారు. 1930లో తెరిచారు. ఒక మండపంలో మాంసం, ఒకదాంట్లో పాలూ జున్నూ, ఒకదాంట్లో చేపలు. చేపల మండపంలో పొగబెట్టిన చిన్న చేపల వాసన తగలగానే నాకు పూడిమడక, కళింగపట్నం గట్లన్నీ ఒకేసారి కళ్లముందు తిరిగాయి. రై పిండితో చేసే వాళ్ల రొట్టె చోడిపిండి ముద్ద రంగులో ఉంటుంది. షాజీరాలాంటి గింజలు వేస్తారు. కాస్త పులుపు. మా మేనల్లుడికి మొదటి నెలంతా సహించలేదట. "ఇప్పుడు అదే లేకపోతే కడుపు నిండట్లేదు మావయ్యా" అన్నాడు.

పాత ఊళ్లో తిరుగుతుంటే ఒక ఇంటి కప్పు మీద ఒళ్లు విరుచుకుని నిలబడ్డ నల్లపిల్లి బొమ్మలు చూపించాడు. పెద్ద సంఘంలో చేర్చుకోలేదన్న కోపంతో ఒక లాట్వియన్ వర్తకుడు పిల్లుల వెనకభాగాన్ని సంఘ భవనం వైపు తిప్పి పెట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కట్టుకథో గానీ, ఆ ఊరు ఎంచుకున్న కథ అది. అదే నాకు నచ్చింది.

ఊరు అందంగా ఉందని మురిసిపోతుంటే అది మధ్యలో ఆపి నిలేస్తుంది. నల్లతలల భవనమని పెళ్లికాని వర్తకుల పాత సంఘ భవనం ఒకటి ఉంది. చూడటానికి ఆరేడు వందల ఏళ్ల ఠీవి. అసలుది 1941 యుద్ధంలో కాలిపోయింది, 1948లో మిగిలిన గోడలు కూడా కూల్చేశారు. ఇప్పుడున్నది 1999 నాటికి మళ్లీ కట్టినది. అదే 1941లో ఊరి పక్క రుంబులా అడవిలో, నవంబరు 30న, డిసెంబరు 8న, రెండే రోజుల్లో ఇంచుమించు 25,000 మంది యూదులను కాల్చి చంపారు. రొట్టె గురించీ పిల్లుల గురించీ రాసినవాడు ఇది రాయకుండా ఆ ఊరిని ఇష్టపడ్డానంటే నమ్మకండి.

నేను అసలు చూడాలనుకున్నది ఒక చెక్క బీరువా.

దౌగవకు అవతలి ఒడ్డున గాజు కొండలా జాతీయ గ్రంథాలయం ఉంది. 2014 జనవరి 18న, గడ్డకట్టే చలిలో, పాత గ్రంథాలయం నుంచి కొత్తదానికి నది మీద వంతెన దాటి వేలాదిమంది వరసగా నిలబడి పుస్తకాలను చేతి నుంచి చేతికి అందించారు. ఆ భవనంలోనే బీరువా ఉంది. 70 సొరుగులు. ప్రతి సొరుగులోనూ గళ్లు, గళ్ల నిండా చీటీలు. చీటీ మూడు సెంటీమీటర్ల వెడల్పు, పదకొండు సెంటీమీటర్ల పొడవు. ఒక్కో చీటీ మీద ఒక్కో పాట. నాలుగే పాదాలు. వాటిని దైనాలంటారు.

వాటిని పేర్చినవాడు క్రిష్యానిస్ బారోన్స్. 1835లో పుట్టాడు. చదివింది లెక్కలూ ఖగోళమూ. బతుకుతెరువు మాస్కోలో ఒక సంపన్న కుటుంబం పిల్లలకు ఇంటి మాస్టారుగా. స్నేహితుడు మొదలుపెట్టిన పాటల సేకరణ 1878లో ఈయన చేతికొచ్చింది. పల్లెల నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు. బడిపంతుళ్లు, రైతులు, పిల్లలు తమ అమ్మమ్మల నోట విన్నది రాసి పంపారు. 1880లో మాస్కోలోనే ఈ బీరువా చేయించుకున్నాడు. 1893లో రీగా తిరిగొచ్చాడు. 1894 నుంచి 1915 దాకా 'లాత్వ్యు దైనాస్' సంపుటాలు అచ్చయ్యాయి. మొత్తం 2,17,996 పాటలు. లెక్కల మనిషి కదా, ఒక్కటి కూడా పొల్లుపోనివ్వలేదు.

మొదటి సంపుటం 1894లో వస్తే, మన విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో. అటూ ఇటూ ఒకే కాలం. జనం నోట్లో ఉన్న మాటకు అచ్చులో కూర్చునే అర్హత ఉందా లేదా అన్న తగువు అక్కడా నడుస్తోంది, ఇక్కడా నడుస్తోంది. 1850ల్లో తార్తు విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న క్రిష్యానిస్ వాల్దెమార్స్ తన గది తలుపు మీద పేరు పక్కన 'లాట్వియన్' అని రాసి పెట్టుకుంటే అది పెద్ద విశేషమైపోయింది. అప్పటికి చదువుకున్న లాట్వియన్ అంటే జర్మన్‌గా మారిపోయినవాడనే లెక్క. లాట్వియన్ భాష పొలానికీ పశువుల కొట్టానికీ చాలు, విద్యకు చాలదు.

ఈ మాట రాస్తుంటే శ్రీకాకుళం వాడికి గిడుగు రామమూర్తి పంతులు గుర్తురాకుండా ఉంటాడా? 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టినవాడు, పర్లాకిమిడిలో పంతులు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటంతో బారోన్స్‌ను పోల్చడం సులువు. నాకు మాత్రం ఆ పోలిక పూర్తిగా కుదరదనిపిస్తుంది. తెలుగు అప్పటికే కావ్యాలున్న భాష, రాజుల ఆదరణ చూసిన భాష. తగువంతా ఏ తెలుగు అన్నదాని మీదే. రీగా చుట్టుపక్కల లాట్వియన్ ఉన్న స్థితికి దగ్గరగా మన దగ్గర ఉన్నది సవర. కొండల మీద మాట్లాడేవాళ్లున్నారు, కింద దాన్ని భాషగా లెక్కపెట్టేవాళ్లు లేరు. రామమూర్తి పంతులు సవరలను ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. కొండలెక్కి తిరిగాడు. మలేరియా పట్టుకుంది. క్వినైను తిని తిని వినికిడి పోయింది. చెవులతో సేకరించాల్సిన పని చేస్తూ చెవులే పోగొట్టుకున్నాడాయన. అయినా సవర కథలు, పాటలు కూర్చాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు.

బారోన్స్ పాటలు పేర్చింది తన తల్లి భాషలో. రామమూర్తి పంతులు పరాయి భాష కోసం కొండెక్కాడు. ఆ లెక్కన ఆయనకు నిజమైన జోడీ రీగాలో ఇంకొకాయన ఉన్నాడు. యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెర్డర్, జర్మన్. 1764లో ఇరవయ్యేళ్ల వయసులో రీగా కథెడ్రల్ బడికి మాస్టారుగా వచ్చి, 1769లో ఓడెక్కి వెళ్లిపోయాడు. ఉన్నది ఐదేళ్లే. జర్మన్ ప్రభువుల పొలాల్లో వెట్టిబతుకు బతుకుతున్న లాట్వియన్ రైతులు పాడుకునేది గోల కాదు, కవిత్వమని అన్నాడు. 1778, 79ల్లో అచ్చయిన తన జానపద గీతాల సంకలనంలో ఆ పాటలకు మిగతా జాతుల పాటల పక్కనే చోటిచ్చాడు. పాడిన రైతుల వెట్టి తొలగడానికి మాత్రం ఆ తర్వాత నలభై ఏళ్లు పట్టింది: కూర్లండ్‌లో 1817, రీగా చుట్టూ ఉన్న లివోనియాలో 1819. కథెడ్రల్ పక్కనే ఆయన పేరుతో చిన్న కూడలి, అందులో ఆయన తల విగ్రహం ఉన్నాయి. నేను వెళ్లిన రోజు దాని మీద పావురం కూర్చుని ఉంది, ఏ ఊళ్లోనైనా అంతే.

పాటలు దాచుకున్న ఊరు వాటిని బీరువాలోనే ఉంచి తాళం వెయ్యలేదు. 1873లో రీగాలో తొలి పాటల పండుగ జరిగింది. ఇప్పుడు సాధారణంగా ఐదేళ్లకోసారి, వేలమంది ఒకే వేదిక మీద గొంతు కలుపుతారు. సోవియట్ ఏలుబడిలోనూ పండుగ ఆగలేదు. పాడాల్సిన పాటల జాబితాలో లెనిన్ చేరాడు, జనం మాత్రం పాతవాటి కోసం ఎదురుచూసేవారు. 1989 ఆగస్టు 23న తాల్లిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, 600 కిలోమీటర్లకు పైగా, ఇంచుమించు ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. మన లెక్కలో చెప్పాలంటే ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి విజయవాడ దాకా మనిషి పక్కన మనిషి. రెండేళ్లకు లాట్వియా మళ్లీ స్వతంత్రమైంది. సొంత డబ్బు అచ్చేసుకున్నప్పుడు వంద లాట్‌ల నోటు మీద గడ్డంతో ఉన్న పెద్దాయన బొమ్మ వేశారు. రాజు కాదు, సేనాని కాదు, బారోన్స్. 2014లో యూరో వచ్చి ఆ నోటు వెళ్లిపోయింది.

బీరువా ముందు నిలబడి నేను అక్కడి ఉద్యోగినిని అడిగింది నార పాటల గురించే. మేనల్లుడు తర్జుమా చేశాడు. ఆవిడ నవ్వి, అవిసె మీద పాటలు కావలసినన్ని ఉన్నాయంది. అవిసె పీకడం, నీటిగుంటలో నానేయడం, దంచడం, దువ్వడం, వడకడం, అన్నిటికీ పాటలే. నానేసే గుంటకు వాళ్ల భాషలో వేరే పేరే ఉంది, మార్క్స్. కార్ల్ మార్క్స్ కాదు మావయ్యా అని వాడు ముందే జాగ్రత్త పడ్డాడు.

ఇన్ని లక్షల పాటల్ని ఏ వరసలో పెట్టాడాయన అని అడిగాను. మనిషి బతుకు వరసలో, అంది ఆవిడ. పుట్టుక, ఉయ్యాల, బాల్యం, పడుచుతనం, పెళ్లి, పని, ముసలితనం, చావు. పాట ఎక్కడిదో తెలియాలంటే అది మనిషిని బతుకులో ఎక్కడ పట్టుకుందో చూడాలి.

మా చెరువు గుర్తొచ్చింది. గోగు పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, పైన మట్టిపెళ్లలు బరువు పెట్టి, రెండేసి వారాలు నీళ్లలో ముంచేవాళ్లం. కుళ్లు కంపు ఊరంతా కమ్మేసేది. మోకాలి లోతు నల్లనీళ్లలో దిగి ఆడా మగా నార ఒలిచేవారు. తెల్లగా బయటపడిన పుల్లలు పొయ్యిలోకీ దడికీ పనికొచ్చేవి. ఆ పనికి పాటలుండేవా? నాకు గుర్తు లేదు. అక్కడే, గ్రంథాలయం మెట్ల మీద నిలబడి, మేనల్లుడు వాళ్లమ్మకు, అంటే మా చెల్లికి, ఫోను చేశాడు.

"అమ్మా, గోగు ఒలిసినప్పుడు ఏటి పాడీవోరు?"

"ఆ కంపులో పాటలేటిరా? ముక్కు మూసుకుని పీక్కోడవే" అని పెట్టేసింది.

అన్ని పాటలున్న అవిసె ముందు మా గోగు మూగదైపోయిందని కాస్త చిన్నబోయాను. ట్రామెక్కి దౌగవ వంతెన మీదకొచ్చేసరికి వాడి ఫోనుకు చెల్లి గొంతు వచ్చి పడింది. నలభై సెకన్లు. గోగు పాట కాదు. ఉడుపుల పాట మొదలుపెట్టి, మధ్యలో చరణం మరిచిపోయి, పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలోకి జారిపోయింది. చివర్లో తానే నవ్వేసింది.

"ఇది ఏ సొరుగులో వెయ్యాలి మావయ్యా?" అన్నాడు వాడు.

నేను ఇంకోసారి పెట్టమన్నాను.

(వచ్చే వారం: డండీ మిల్లులు, తిమింగలం నూనె)